ఇంటిపన్ను నోటీసు ఎవరి పేరున వస్తోంది?

ఏప్రిల్ నెల రాగానే హైదరాబాదులో ఏటా ఒక ప్రకటన వెలువడుతుంది. ఏడాది ఇంటిపన్ను మొత్తం ఈ నెలలోనే ఒకేసారి కట్టేవారికి 5 శాతం రాయితీ ఇస్తామని దాని సారాంశం. చూడటానికి అందరికీ సమానంగా పంచినట్టే వుంటుంది. కానీ ఏప్రిల్‌లో ఏడాది పన్ను ఒక్కమారుగా తీసి ఇవ్వగలిగేది ఎవరు? చీటీ పాట ఎప్పుడు దక్కుతుందా అని ఎదురుచూసే మనిషి, పొదుపు సంఘం వాయిదా కట్టి, జూన్‌లో పిల్లల ఫీజులకోసం రూపాయి రూపాయి కూడబెట్టే మనిషి ఆ రాయితీ ముఖం చూడదు. ఆమె చూసేది రెండో అంకె. గడువు దాటిన బకాయి మీద నెలకు 2 శాతం వడ్డీ, అంటే సంవత్సరానికి 24 శాతం. డబ్బున్నవారికి 5 శాతం బహుమానం, లేనివారికి 24 శాతం జరిమానా. ఇది ఏ వడ్డీవ్యాపారి లెక్కో అనుకునేరు, ప్రజల పేరున నడిచే నగరపాలక సంస్థ లెక్క.

ఇంటిపన్ను గురించి స్త్రీల హక్కుల పత్రికలో రాయడం ఏమిటని కొందరికి అనిపించవచ్చు. వరకట్నం, గృహహింస, కనీస వేతనాల ముందు ఇది చిన్న విషయంగా కనిపించవచ్చు. పన్ను తగ్గించుకోవడం ఎలా అని ఇంటి యజమానులకు సలహాలు చెప్పే రాతలు చాలా వస్తుంటాయి. కొలతలు సరిచూసుకోండి, ఇంటి వయసు రాయించుకోండి, అభ్యంతరం దాఖలు చేయండి అని చెబుతాయి. సలహాలు మంచివే. అయితే అవన్నీ ఒక మగ యజమానిని మనసులో పెట్టుకుని రాసినవి. ఇల్లు అతని పేరున వుంటుంది, కాగితాలు అతని బీరువాలో వుంటాయి, పనిదినం నాడు ఆఫీసుకు పోయి బల్ల ముందు కుర్చీ లాక్కుని కూర్చునే తీరిక అతనికి వుంటుంది. ఆ ఇంట్లోనే 30 ఏళ్ళుగా ఊడ్చి, అలికి, నీళ్ళు మోసి, కూలి డబ్బుతో గోడలు లేపిన స్త్రీకి ఈ మూడింటిలో ఏది వుంది? అందుకే ఇంటిపన్ను తగ్గింపు ప్రశ్నను నేను మరోచోటినుంచి మొదలుపెడతాను. నోటీసు ఎవరి పేరున వస్తోంది? దాన్ని చదివే హక్కు, ఎదిరించే హక్కు ఎవరికి వున్నాయి?

శంషాబాద్ చుట్టుపక్కల స్త్రీలతో కూర్చుని నేను డిమాండు నోటీసులు చదువుతుంటాను. ఈ ప్రాంతాన్నే ఎంచుకోవడానికి కారణం వుంది. విమానాశ్రయం కోసం శంషాబాద్, మామిడిపల్లి, గొల్లపల్లి పరిసరాల్లో సుమారు 5,500 ఎకరాల భూమి సేకరించారు. 2008 మార్చిలో విమానాలు దిగడం మొదలైంది. అదే ఏడాది చివర గచ్చిబౌలి నుంచి శంషాబాద్ దాకా అవుటర్ రింగు రోడ్డు, మరుసటి ఏడాది మెహదీపట్నం వైపునుంచి పి.వి. ఎక్స్‌ప్రెస్‌వే వచ్చాయి. భూమి సేకరించినప్పుడు పరిహారం అందేది రికార్డులో పేరున్నవారికి. రికార్డులో వుండేది ఎక్కువగా మగవాళ్ళ పేర్లే. ఆ పొలాల్లో నాట్లు వేసి, కలుపు తీసి బతికిన కూలి స్త్రీకి ఏ రిజిస్టరులోనూ పేరు లేదు గనక ఆమె ఏమీ కోల్పోనట్టే లెక్క.

భూమి పోయాక మిగిలింది ఇల్లు. ఇప్పుడు ఆ ఇంటి మీదికి లెక్కలు వచ్చాయి. పంచాయతీగా వున్న శంషాబాద్ 2018లో మునిసిపాలిటీ అయింది. 2025 డిసెంబరులో అవుటర్ రింగు రోడ్డు లోపలా అంచునా వున్న 27 పట్టణ స్థానిక సంస్థల్లో ఒకటిగా దాన్ని గ్రేటర్ హైదరాబాదు నగరపాలక సంస్థలో కలిపారు. ఏడేళ్ళు కాస్త దాటేసరికి ఒకే గడప మూడు పాలనలు చూసింది. గడప జరగలేదు. రోడ్డు మీద పోయే కార్లు మారాయి, పక్క ప్లాటు ధర మారింది. వీటితో ఆమె సంపాదన ఎంత పెరిగిందని ఎవరూ అడగలేదు. ఇంటిపన్నులో వున్న అసలు అన్యాయం ఇదే. అమ్ముకుంటే వచ్చే విలువను చూసి, అమ్ముకోవడానికి కాక బతకడానికి ఇల్లు కట్టుకున్న మనిషి మీద భారం వేయడం.

ఇది మన తెలుగు నేలకు కొత్త కథ కూడా కాదు. 1919లో మద్రాసు ప్రభుత్వం చీరాల, పేరాల గ్రామాలను కలిపి మునిసిపాలిటీ చేసింది. అంతకుముందు ఏడాదికి 4,000 రూపాయలు కట్టే జనం నెత్తిన 40,000 రూపాయల భారం పడింది. మాకు మునిసిపాలిటీ వద్దని అర్జీలు పెట్టినా వినకపోతే, 1921లో దుగ్గిరాల గోపాలకృష్ణయ్య నాయకత్వంలో జనం ఊళ్ళు విడిచి, పొలిమేర అవతల రామనగరంలో పాకలు వేసుకుని దాదాపు 11 నెలలు గడిపారు. చరిత్ర పుస్తకాలు నాయకుడి పేరు చెప్పి ఊరుకుంటాయి. పాకల్లో ఎండకూ వానకూ పొయ్యి వెలిగించింది ఎవరు? నీళ్ళు ఎవరు మోశారు? పురుళ్ళు ఎవరు పోశారు? స్త్రీలు ఇల్లు వదిలి రాకపోతే ఆ సత్యాగ్రహం ఒక్క రాత్రి కూడా నిలిచేది కాదు. పన్ను పోరాటం స్త్రీలది కాదనేవారికి ఇంతకంటే జవాబు అక్కర్లేదు. తేడా ఒకటే. ఆనాడు పరాయి ప్రభుత్వం అడక్కుండా మునిసిపాలిటీని రుద్దింది. ఈనాడు మనం ఎన్నుకున్న ప్రభుత్వం అడక్కుండా నగరంలో కలుపుతోంది.

ఇక నోటీసులో పేరు సంగతి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 1986లోనే హిందూ వారసత్వ చట్టాన్ని సవరించి ఆడపిల్లలకు ఉమ్మడి ఆస్తిలో సమాన వాటా ఇచ్చింది. కేంద్రం అదే పని 2005లో చేసింది. తండ్రి ఆనాటికి బతికి వుండాలన్న షరతు లేదని 2020లో సుప్రీంకోర్టు తేల్చింది. చట్టం ఇంత దూరం నడిచింది, పన్ను రిజిస్టరు మాత్రం కదల్లేదు. భర్త చనిపోయి పదేళ్ళయినా అతని పేరుమీదే నోటీసు అందుకుని, అతని పేరుమీదే పన్ను కట్టి, అతని పేరుమీదే రసీదు తెచ్చుకునే స్త్రీలు ప్రతి బస్తీలోనూ వున్నారు. పేరు మార్చమంటే వారసత్వ ధృవపత్రం తెమ్మంటారు, కొడుకులందరి సంతకాలు తెమ్మంటారు. కొడుకు సంతకం పెట్టడు. పెడితే ఇల్లు అమ్మ పేరున పోతుందని అతని భయం. డబ్బు పుచ్చుకునేటప్పుడు మాత్రం ఏ సంతకమూ అడగరు. చనిపోయినవాడి పేరున బతికున్న మనిషి ఎన్నేళ్ళయినా పన్ను కట్టవచ్చు!

పన్ను రసీదు వున్నంత మాత్రాన ఇంటి మీద హక్కు వచ్చినట్టు కాదని కోర్టులు చాలాసార్లు చెప్పాయి. అది నిజమే. కానీ బతుకులో ఆ రసీదు చేసే పని వేరు. కరెంటు మీటరుకు అదే కావాలి, నల్లా కనెక్షనుకు అదే కావాలి, అప్పుకు పోతే బ్యాంకు అదే అడుగుతుంది. గొడవ వచ్చి ఇంట్లోంచి పొమ్మన్న రోజున నేను ఇక్కడి మనిషినని చూపడానికి ఆమె దగ్గర వుండే కాగితం అదే. పన్ను తగ్గించమని అడగాలన్నా ముందు రిజిస్టరులో ఆమె వుండాలి. పేరు లేని మనిషి అభ్యంతరాన్ని ఏ గుమాస్తా అయినా ఒక్క మాటతో తోసిపుచ్చగలడు. ఒక పన్ను ఆఫీసులో ఒక వితంతువు తరఫున కొలతలు తప్పని రాసిచ్చినప్పుడు మాకు వచ్చిన జవాబు ఇదే: "యజమానిని రమ్మనండి." యజమాని పోయి ఆరేళ్ళయింది. ఆ సంగతి వాళ్ళ రిజిస్టరుకు తప్ప వీధి వీధికంతా తెలుసు.

పేరున్న స్త్రీ పరిస్థితి కూడా పూర్తిగా నిశ్చింతగా లేదు. ప్రభుత్వం ఇచ్చే ఇళ్ళు స్త్రీల పేరున ఇవ్వడం మన ఉద్యమాలు సాధించుకున్న విషయమే. 2024లో తెలంగాణలో మొదలైన ఇందిరమ్మ ఇళ్ళ పథకం కూడా ఇల్లాలి పేరుమీదే 5 లక్షలు ఇస్తుంది. అయితే ఇల్లు ఆమె పేరున వచ్చినప్పుడు బాధ్యత కూడా ఆమె పేరునే వస్తుంది. 2019 నాటి తెలంగాణ మునిసిపాలిటీల చట్టం ఇంటి యజమాని తన ఇంటి వివరాలు తానే ప్రకటించుకోవాలంది. తప్పుగా ప్రకటిస్తే పన్నుకు 25 రెట్లు జరిమానా పెట్టింది. ఫారం నింపేది ఎవరు? భర్తో, మరిదో, మీసేవ దగ్గర కూర్చునే బ్రోకరో. వేలిముద్రో సంతకమో ఆమెది. వాళ్ళు రెండు గదులు తక్కువ రాసి తెలివి చూపించుకుంటే 25 రెట్ల శిక్ష ఆమెకు. పేరు మనది, కాగితం వాళ్ళ చేతిలో అన్నంత కాలం ఈ ఆస్తి మనకు ముళ్ళకిరీటమే.

అందుకే కార్యకర్తలు ముందుగా చేయాల్సిన పని నోటీసును గట్టిగా చదివి వినిపించడం. అందులో ఏముంటుంది? ఇంటి విస్తీర్ణం, కట్టడం రకం, అంటే స్లాబా రేకులా అన్నది, ఇంటి వయసు, నివాసమా వ్యాపారమా, పాత బకాయి. ఈ ఐదింటిలో ఏది తప్పుగా రాసినా పన్ను పెరుగుతుంది. పాత ఇంటికి వయసును బట్టి అద్దె విలువలో తగ్గింపు వుంది: 25 ఏళ్ళ వరకు 10 శాతం, 40 ఏళ్ళ వరకు 20 శాతం, ఆపైన 30 శాతం. అత్తగారి కాలంనాటి ఇంటికి నిన్న కట్టిన ఇంటి లెక్క వేస్తే నష్టపోయేది మనమే.

విస్తీర్ణం ఎంత ముఖ్యమో ఒక లెక్క చూద్దాం. హైదరాబాదు నగరపాలక సంస్థ ప్రచురించిన పట్టిక ప్రకారం నివాసాలకు నెలసరి అద్దె విలువను బట్టి పన్ను శాతం మారుతుంది. 50 రూపాయల వరకు పన్ను లేదు. 51 నుంచి 100 వరకు 17 శాతం, 200 వరకు 19, 300 వరకు 22, ఆపైన అందరికీ 30. దానిమీద 8 శాతం గ్రంథాలయ సెస్సు. లెక్క సులువుగా వుండటానికి అద్దె విలువ చదరపు అడుగుకు నెలకు 1 రూపాయి అనుకుందాం. 300 చదరపు అడుగుల ఇంటికి ఏడాదికి 3,600 రూపాయలు. అందులో 10 శాతం తీసేస్తే 3,240. దాని మీద 22 శాతం, సెస్సు కలిపితే దాదాపు 770 రూపాయలు. అదే ఇంటిని కొలిచేవాడు గడప ముందు అరుగును కూడా కలిపి 310 అని రాశాడనుకోండి. శాతం 30కి ఎగబాకుతుంది, పన్ను 1,085 అవుతుంది. పది అడుగుల అరుగు ఖరీదు ఏడాదికి 315 రూపాయలు! శాతం మారకుండా వుంటే ఆ పది అడుగులకు 25, 26 రూపాయలకు మించి పెరిగేది కాదు.

ఆ పట్టికను ఇంకోసారి చూడండి. నెలకు 300 రూపాయల అద్దె విలువ దాటిన ప్రతి ఇల్లూ పై మెట్టులోనే. బంజారాహిల్స్ బంగళాకూ 30 శాతమే, శంషాబాద్‌లో రేకులు వేసుకున్న మూడు గదులకూ 30 శాతమే. విస్తీర్ణాన్ని బట్టి, ప్రాంతాన్ని బట్టి మొత్తంలో తేడా వుంటుంది నిజమే. కానీ పేదలకు తక్కువ శాతం, సంపన్నులకు ఎక్కువ శాతం అన్న సూత్రం కాగితం మీద మాత్రమే బతికి వుంది. ఈ రోజుల్లో 300 రూపాయల అద్దెకు సైకిలు పెట్టుకునే చోటు కూడా దొరకదు.

నివాసమా వ్యాపారమా అన్న గడి స్త్రీలను ఇంకా గట్టిగా పట్టుకుంటుంది. ముందు గదిలో కుట్టుమిషను పెట్టుకుని జాకెట్లు కుట్టే ఆమె, కిటికీలోంచి పాల ప్యాకెట్లు, బిస్కెట్లు అమ్మే ఆమె, విమానాశ్రయంలో షిఫ్టు డ్యూటీలు చేసే పిల్లలకు వండి క్యారేజీలు కట్టే ఆమె, వీళ్ళ గది వ్యాపార స్థలం కింద నమోదైతే అద్దె విలువ రేటే మారిపోతుంది, మెట్లు లేకుండా నేరుగా 30 శాతం పడుతుంది. ఈ స్త్రీలు కార్మికులని ఒప్పుకోమని మనం ఎన్నేళ్ళుగా అడుగుతున్నాం? అంతర్జాతీయ కార్మిక సంస్థ 1996లోనే ఇంటి దగ్గర పనిచేసేవారి కోసం 177వ ఒడంబడిక తెచ్చింది. భారత ప్రభుత్వం దాన్ని ఆమోదించలేదు. కనీస వేతనం అడిగితే "ఇంట్లో తీరిక వేళ చేసే పని" అంటారు. ప్రసూతి సెలవు అడిగితే యజమాని ఎవరని అడుగుతారు. పన్ను వేసేటప్పుడు మాత్రం అదే కుట్టుమిషను వాణిజ్య సంస్థ అవుతుంది. వేతనం దగ్గర ఇల్లాలు, పన్ను దగ్గర వ్యాపారి. ఈ రెండు నాలుకల ధోరణిని మనం వదిలిపెట్టకూడదు.

మూడో ఉచ్చు అనుమతి లేని కట్టడం. 1996లో వచ్చిన 111 జీవో ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ జలాశయాల రక్షణ కోసం 84 గ్రామాల్లో నిర్మాణాలను కట్టడి చేసింది. శంషాబాద్ మండలంలోని గ్రామాలు అందులో చాలా వున్నాయి. 2022లో ప్రభుత్వం 69 జీవోతో ఆ ఆంక్షలను సడలించింది. చెరువులను కాపాడుకోవాలన్నదాంట్లో నాకు రెండో మాట లేదు. కానీ ఆ పాతికేళ్ళలో పెళ్ళయిన కొడుకుకోసం, భర్త వదిలేసి వచ్చిన కూతురి కోసం పక్కన ఒక గది వేసుకున్న కుటుంబాలకు అనుమతి ఎక్కడినుంచి వస్తుంది? అనుమతి లేకుండా కట్టిన ఇంటికి మన పురపాలక చట్టాలు పన్నుకు మరో 100 శాతం జరిమానాగా వేస్తాయి. ఏటా వేస్తాయి. ఏటా కట్టినా ఇల్లు సక్రమం కాదు, రేపు కూల్చడానికి వస్తే ఆ రసీదులు అడ్డుపడవు. ఫాంహౌసు గోడ వెనక ఏముందో ఎవరికీ కనపడదు. రోడ్డు పక్కన రేకుల గది అందరికీ కనిపిస్తుంది.

"ఇంత చెబుతున్నావు, ప్రభుత్వాలు తగ్గించలేదా?" అని అడుగుతారు. తగ్గించాయి. ఎప్పుడు తగ్గించాయో చూద్దాం. హైదరాబాదు నగరపాలక ఎన్నికలు 2016 ఫిబ్రవరిలో జరిగాయి. వాటి ముందు, ఏడాదికి 1,200 రూపాయల లోపు పన్ను పడే ఇళ్ళకు 101 రూపాయలు కడితే చాలన్నారు. మళ్ళీ ఎన్నికలు 2020 డిసెంబరు 1న. దానికి ముందు దీపావళి నాడు, నగరంలో 15,000 రూపాయల లోపు పన్ను వున్న ఇళ్ళకు, మిగతా పట్టణాల్లో 10,000 లోపు వున్నవాటికి ఆ ఒక్క సంవత్సరానికి సగం తగ్గించారు. పేదలకు కొంత ఊరట కలిగిన మాట కాదనను. కానీ ఎన్నికల నెలలో వచ్చేది ఎన్నికల నెలతోనే పోతుంది. పైగా 1,200 కట్టే ఇంటికి 101, 1,201 కట్టే ఇంటికి 1,201. ఒక్క రూపాయి తేడాకు 1,100 శిక్ష. ఎవరి దయమీద వచ్చిన తగ్గింపుకు లెక్క వుండదు, అప్పీలు వుండదు, నిలకడ వుండదు. బకాయిల వడ్డీలో 90 శాతం మాఫీ అని అప్పుడప్పుడు వచ్చే పథకాలదీ ఇదే తీరు. అప్పు చేసి గడువులోగా కట్టిన ఆమెకు ఏమీ రాదు, ఏళ్ళ తరబడి లక్షలు ఎగ్గొట్టిన వాణిజ్య భవనానికి మాఫీ వస్తుంది.

హక్కుగా ఇచ్చిన తగ్గింపు ఎలా వుంటుందో చూడాలంటే ఢిల్లీ వైపు చూడవచ్చు. అక్కడ నగరపాలక సంస్థ నిబంధనల్లోనే, స్త్రీ పేరున వుండి ఆమె స్వయంగా నివసించే ఒక ఇంటికి, 200 చదరపు మీటర్ల వరకు, పన్నులో 30 శాతం తగ్గింపు వుంది. ఎన్నికలు వున్నా లేకున్నా వుంటుంది. మహారాష్ట్ర 2021లో స్త్రీల పేరున ఇల్లు రిజిస్టరు చేస్తే స్టాంపు డ్యూటీలో 1 శాతం తగ్గించింది. ఇలాంటివి పెడితే మగవాళ్ళు తగ్గింపు కోసం భార్యల పేర్లు వాడుకుంటారని కొందరు మిత్రులు అంటారు. వాడుకుంటారు. అయినా నేను కావాలనే అంటాను. లాభం కోసం రాసిన పేరైనా పేరే. ఆ ఇంటిని ఆమె సంతకం లేకుండా అమ్మలేరు, తాకట్టు పెట్టలేరు, ఆమెను గెంటేయడానికి ఒకటికి పదిసార్లు ఆలోచించాలి. వాళ్ళ లెక్క డబ్బుది కావచ్చు, ఆ కాగితాన్ని హక్కుగా మార్చడం మన పని.

ఇంకో అభ్యంతరం నిజాయితీ గలది, దానికి జవాబు చెప్పాలి. పన్నులు తగ్గిస్తే మురుగుకాలువలు ఎవరు కడతారు? వీధి దీపాలు, నల్లా నీళ్ళు, చెత్త బండి లేకపోతే మొదట కష్టపడేది స్త్రీలే కదా? అవును. అందుకే పన్ను రద్దు చేయమని నేను అడగడం లేదు. చీకటి సందులో రాత్రి షిఫ్టునుంచి ఇంటికి నడిచే పిల్లకు దీపం కావాలి, దానికి డబ్బు కావాలి. ఆ డబ్బు ఎవరినుంచి ఎంత రావాలన్నదే మన ప్రశ్న. ఖాళీ స్థలాల మీద పన్ను చట్టంలో వుంది. ధర పెరిగేదాకా ప్రహరీ కట్టి వదిలేసిన ప్లాట్లు శంషాబాద్ చుట్టూ ఎన్ని లేవు? గోదాములు, హోటళ్ళు, కన్వెన్షన్ హాళ్ళు ఎన్ని లేవు? వాటిని కొలిచే టేపు ఆమె అరుగును కొలిచినంత శ్రద్ధగా కొలుస్తోందా?

అన్నిటికంటే పెద్ద పోలిక మన కళ్ళ ముందే వుంది. విమానాశ్రయం కట్టడానికి రాష్ట్ర ప్రభుత్వం ఆ ప్రైవేటు భాగస్వామ్య కంపెనీకి 315 కోట్ల రూపాయలు వడ్డీ లేని అప్పుగా, మరో 107 కోట్లు గ్రాంటుగా ఇచ్చింది. అభివృద్ధికి అవసరమన్నారు. సరే, అవసరమే అనుకుందాం. కోట్ల అప్పుకు వడ్డీ వుండనక్కరలేదని ఒప్పుకున్న ప్రభుత్వం, 770 రూపాయలు బాకీపడ్డ ఆమె దగ్గర నెలకు 2 శాతం ఎలా తీసుకుంటుంది? విమానాశ్రయానికి చేతికందిన ఓర్పు, దాని పక్కన గుడిసెకు ఎందుకు అందదు?

అద్దెకుండే స్త్రీలను కూడా మరచిపోకూడదు. విమానాశ్రయంలో తుడిచే, ట్రాలీలు సర్దే, హోటళ్ళలో గిన్నెలు కడిగే స్త్రీలు ఎక్కువమంది అద్దె గదుల్లోనే వున్నారు. వాళ్ళకు నోటీసు రాదు. యజమాని అద్దె పెంచుతాడు, పన్ను పెరిగిందంటాడు. ఎంత పెరిగిందో చూపించడు. ఇంటిపన్ను వివరాలు గోడ మీద బహిరంగంగా రాసి వుంచితే ఈ అబద్ధాలు సగం ఆగుతాయి.

ఇప్పుడు మనం అడగవలసినవి స్పష్టంగా వున్నాయి. 2019 చట్టం 75 గజాల లోపు స్థలంలో, ఒక పై అంతస్తు వరకు కట్టుకున్న ఇంటికి 1 రూపాయి రిజిస్ట్రేషను, ఏడాదికి 100 రూపాయల పన్ను అని రాసింది. శంషాబాద్ మునిసిపాలిటీగా వున్నప్పుడు ఆ చట్టం కింద వుంది. నగరంలో కలిపాక ఈ 100 రూపాయల మాటను ఎవరూ కదిలించకుండా నగర చట్టంలో కూడా రాయాలి. స్త్రీ పేరున వుండి ఆమె నివసించే ఇంటికి ఢిల్లీలో లాగా 30 శాతం తగ్గింపు నిబంధనగా పెట్టాలి. 300 రూపాయల దగ్గర ఆగిపోయిన మెట్లను నేటి అద్దెలకు తగ్గట్టు మార్చాలి. ఇంట్లో స్త్రీ చేసుకునే పనిని, కూలివాళ్ళను పెట్టుకోనంతవరకు, నివాసంగానే లెక్కించాలి. భర్త చనిపోయిన స్త్రీ పేరును మరణ ధృవపత్రం చూపిన వెంటనే, కొడుకుల సంతకాలతో నిమిత్తం లేకుండా, కనీసం ఉమ్మడి వారసురాలిగానైనా పన్ను రిజిస్టరులో చేర్చాలి. చిన్న ఇళ్ళకు నెలవారీ వాయిదాలు ఇవ్వాలి, వాటి బకాయిల మీద 2 శాతం వడ్డీ ఎత్తివేయాలి.

ఇవి అడుగుతూనే చేతిలో వున్న దారులను వాడుకోవాలి. అభ్యంతరం ఎప్పుడూ కాగితం మీద ఇవ్వండి, నకలు మీద తేదీతో ముద్ర వేయించుకోండి. ఇంటిని మీరే టేపుతో కొలిచి, బొమ్మ గీసి జతచేయండి. నగర చట్టం కింద కమిషనరు తేల్చిన తర్వాత కూడా అన్యాయం అనిపిస్తే స్మాల్ కాజెస్ కోర్టుకు అప్పీలు వుంది. అయితే అడిగిన పన్ను ముందు జమచేస్తేనే వింటారు. అంటే పేదరాలికి ఆ తలుపు సగమే తెరిచి వుంటుంది. అందుకే ఒక్కరొక్కరుగా వెళ్ళకండి. ఒక వీధిలో ఇరవై ఇళ్ళ నోటీసులు పక్కపక్కన పెట్టి చూడండి. ఒకే రకం ఇళ్ళకు వేరు వేరు పన్నులు ఎందుకు పడ్డాయో ఆ కాగితాలే చెబుతాయి. ఇరవై మంది కలిసి ఇచ్చిన అర్జీని బల్ల కిందికి తోయడం కష్టం.

74వ రాజ్యాంగ సవరణ 1993లో అమలులోకి వచ్చినప్పుడు మనం సంబరపడ్డాం. పట్టణ పాలనలో మూడోవంతు స్థానాలు స్త్రీలకు దక్కాయి. ఆ తర్వాత మన రాష్ట్రంలో అవి సగమయ్యాయి. కార్పొరేటరు కుర్చీలో స్త్రీ కూర్చోవడం పెద్ద విజయమే. ఆ స్త్రీ చేతికి తన వార్డు పన్ను రిజిస్టరు ఇచ్చి, వార్డు స్త్రీలందరి ముందు పేరు పేరునా చదివించడం తర్వాతి మెట్టు. ఏ ఇల్లు ఎన్ని అడుగులు, ఎంత పన్ను, ఎవరి పేరు అని అందరూ వింటుండగా చదవాలి. ఏ పేరు దగ్గర ఒక స్త్రీ లేచి "ఆ మనిషి లేడు, ఆ ఇంట్లో వున్నది నేను" అంటుందో, ఆ గీత అక్కడికక్కడే దిద్దాలి.